పత్తాల లెక్క మనది, టేబుల్ లెక్క కాసినోది

ఆన్‌లైన్ పైసలాటల మీద కేంద్రం 2025 ఆగస్టుల చట్టం తెచ్చినప్పటిసంది 'నైపుణ్యం' అనే మాట మస్తు తిరుగుతున్నది. తెలివి పెట్టి ఆడే ఆట జూదం ఎట్లయితదని కంపెనీలు అడుగుతున్నయి. ఇంకోదిక్కు యూట్యూబ్‌ల, టెలిగ్రామ్ గ్రూపులల్ల బ్లాక్‌జాక్ పాఠాలు చెప్పెటోళ్లు తయారైన్రు. పత్తాలు లెక్కపెట్టుడు నేర్చుకుంటే చాలు, కాసినోనే కొట్టొచ్చు అంటరు. గోవాకు పొయ్యే మనోళ్లు, అమెరికాల సెలవులకు లాస్ వెగాస్ పొయ్యే మనోళ్లు అడిగే మాట గూడ గిదే. హై-లో మంచిదా, నాకౌట్ మంచిదా, ఒమేగా మంచిదా? ఏ లెక్క నేర్చుకోవాలె?

ఈ ప్రశ్నకు సక్కటి జవాబే ఉన్నది, చెప్త. కానీ ఆ జవాబు దొరికినంక గూడ జేబుల పైసలు ఎందుకు మిగలవో చెప్పకుంటే, సగం చెప్పి ఊకున్నట్టే.

ముందుగాల ఆట సంగతి చూద్దాం. బ్లాక్‌జాక్‌ల మనం పక్కన కూసున్నోనితోని ఆడం, డీలర్‌తోని ఆడుతం. డీలర్ అంటే కాసినోనే. మన పత్తాల విలువ 21 దాటొద్దు, డీలర్ కంటే మాత్రం ఎక్కువుండాలె. రాజు, రాణి, జాకీ మూడూ పది కిందనే లెక్క. ఆసును ఒకటి అనుకోవచ్చు, పదకొండు అనుకోవచ్చు. మొదటి రెండు పత్తాలల్లనే ఆసు, పది పడితే అది బ్లాక్‌జాక్. పాత పద్ధతిల దానికి 100 పెట్టినోనికి 150 ఇస్తరు. డీలర్‌కు సొంత బుద్ధి వాడే హక్కు లేదు. 16 దాంక ఉంటే ఇంకో పత్తా తీయాల్సిందే.

పాచికలకు యాది ఉండదు. పోయినసారి ఆరు పడ్డదని ఈసారి పడకుంట పోదు. పత్తాల కట్టకు మాత్రం యాది ఉంటది. ఒక ఆసు బయట పడ్డదంటే, మల్ల కలిపేదాంక అది తిరిగి రాదు. ఇప్పటిదాంక చిన్న పత్తాలే పడ్డయంటే, మిగిలిన కట్టల పెద్దయి ఎక్కువున్నట్టు. అది మనకు లాభం. ఎట్లంటే, బ్లాక్‌జాక్ పడే అవకాశం మనకూ డీలర్‌కూ ఒక్కతీరే ఉంటది. కానీ మనకు పడితే ఒకటిన్నర రెట్లు వస్తది, డీలర్‌కు పడితే మనం పోగొట్టుకునేది ఒక్క రెట్టే. ఇగ 12 నుంచి 16 నడుమ ఇరుకున పడితే మనం ఆగొచ్చు, డీలర్ ఆగలేడు. పెద్ద పత్తాలు మస్తుగ ఉన్నప్పుడు ఆయనే 21 దాటి పోతడు. లెక్కపెట్టుడంటే ప్రతి పత్తా కంఠస్థం చేసుడు అని చాలామంది అనుకుంటరు. అట్ల అవసరం లేదు. మిగిలిన కట్ట ఎవలి దిక్కు ఒరిగిందో తెలుసుకుంటే చాలు.

దీని ఎనుక చరిత్ర ఉన్నది. 1956ల అమెరికా సైన్యంల పనిచేసిన నలుగురు, బల్ల మీది లెక్కల మిషన్లతోని కుస్తీ పట్టి బ్లాక్‌జాక్ ఎట్ల ఆడాల్నో ఒక పరిశోధన పత్రం రాసిన్రు. ఎప్పుడు పత్తా తీయాలె, ఎప్పుడు ఆగాలె అనే ఈ పట్టికనే ఇప్పుడు బేసిక్ స్ట్రాటజీ అంటరు. దాని మీదికెల్లి ఎడ్వర్డ్ థార్ప్ అనే గణితం సారు ఎంఐటీల ఐబీఎం 704 కంప్యూటర్ పట్టుకొని, పడిపోయిన పత్తాలను బట్టి పందెం మారిస్తే కాసినో మీద గెలుపు సాధ్యమే అని తేల్చిండు. 1962ల ఆయన పుస్తకం 'బీట్ ది డీలర్' వచ్చింది. దెబ్బకు భయపడ్డ లాస్ వెగాస్ కాసినోలు 1964ల ఆట రూల్సే మార్చేసినయి. జనం ఆడుడు బందు చేసేసరికి కొన్ని వారాలల్లనే ఎనుకకు తగ్గినయి. ఆ తర్వాత వాళ్లకు సమజైంది. ఈ ఆటను గెలవొచ్చనే మాటనే వాళ్లకు పెద్ద ప్రచారం. నమ్మి వచ్చెటోళ్లు వేలమంది, నిజంగ లెక్క పెట్టగలిగెటోళ్లు కొంతమందే.

ఇగ ఏ లెక్క మంచిదో చూద్దాం.

అందరికీ తెలిసింది హై-లో. 2 నుంచి 6 దాంక ఏది పడ్డా ఒకటి కలుపు. 7, 8, 9 పడితే ఊకో. పది, జాకీ, రాణి, రాజు, ఆసు పడితే ఒకటి తీసెయ్. ఒక్క కట్టల కలిపేటియి 20, తీసేటియి 20. కట్ట మొత్తం అయిపోయేసరికి సున్న రావాలె. కానీ కాసినోల ఆరు కట్టలో, ఎనిమిది కట్టలో కలిపి పెడ్తరు. అందుకే మనసుల నడుస్తున్న లెక్కను ఇంకా ఎన్ని కట్టలు మిగిలినయో దానితోని భాగించాలె. లెక్క ఆరు ఉండి మూడు కట్టలు మిగిలితే అసలు లెక్క రెండు. దీన్నే ట్రూ కౌంట్ అంటరు.

రెండోది నాకౌట్, పొట్టిగ కేఓ అంటరు. ఒలాఫ్ వంచురా, కెన్ ఫ్యూక్స్ అనెటోళ్లు 1998ల పుస్తకంగ తెచ్చిన్రు. దీంట్ల ఏడును గూడ కలిపే దిక్కే లెక్కేస్తరు. ఒక్క కట్టల కలిపేటియి 24, తీసేటియి 20. కావాల్ననే సమానం కాకుంట చేసిన్రు. దానివల్ల భాగహారం బాధ తప్పుతది. ఆరు కట్టల ఆటయితే మైనస్ 20 కాడ మొదలుపెట్టి, లెక్క పైకి వచ్చినప్పుడు పందెం పెంచుడే.

మూడోది ఒమేగా 2. బ్రైస్ కార్ల్‌సన్ చేసింది. 2, 3, 7లకు ఒకటి, 4, 5, 6లకు రెండు కలపాలె. తొమ్మిదికి ఒకటి, పది విలువున్నటికి రెండు తీయాలె. ఎనిమిదికీ ఆసుకూ సున్న. మల్ల ఆసులను ఇంకో దిక్కు వేరేగ లెక్కపెట్టుకుంటే మంచిదంటరు. చుట్టూ లొల్లి, లైట్లు, పక్కనోని ముచ్చట్లు నడుస్తుండంగ ఇంత పని మెదడుల చెయ్యాలె.

వీటి బలాన్ని కొలిచే కొలమానాలు పీటర్ గ్రిఫిన్ అనే గణితం సారు ఇచ్చిండు. పందెం ఎప్పుడు పెంచాల్నో ఆ లెక్క ఎంత సక్కగ చెప్తదనేది ఒకటి. చేతిల పత్తాలను ఎట్ల ఆడాల్నో ఎంత సక్కగ చెప్తదనేది ఇంకోటి. నూరు పాళ్లు సరిగ్గ చెప్తే ఒకటి కింద లెక్క. పందెం సంగతిల హై-లోకు 0.97, కేఓకు 0.98, ఆసులను వేరేగ లెక్కపెట్టకుంటే ఒమేగాకు 0.92. ఆడే తీరు సంగతిల హై-లోకు 0.51, కేఓకు 0.55, ఒమేగాకు 0.67. ఆరేడు కట్టల ఆటల లాభమంతా పందెం పెంచుడు, తగ్గించుడులనే ఉంటది. కాబట్టి కష్టమైన లెక్కతోని వచ్చే అదనం శానా తక్కువ. తప్పు లెక్కపెడితే పోయేది అంతకంటే ఎక్కువ. భాగహారం వస్తే హై-లో, రాకుంటే కేఓ. గంతే జవాబు. దీనికి వేలకు వేలు ఫీజులు కట్టి కోర్సులు కొనాల్సిన పని లేదు.

అసలు ముచ్చట ఇక్కడిసంది మొదలైతది. లెక్క ఎంచుకునుడు మన చేతిల ఉన్నది. టేబుల్ రూల్స్ ఎంచుకునుడు కాసినో చేతిల ఉన్నది. రెంటిల ఏది బరువో చూడుండ్రి.

మంచి రూల్స్ ఉన్న టేబుల్ మీద, బేసిక్ స్ట్రాటజీ తప్పకుంట ఆడితే కాసినోకు ఉండే పైచేయి సుమారు అర శాతం. అంటే 100 రూపాల పందెం మీద 50 పైసలు. ట్రూ కౌంట్ ఒక్కటి పెరిగితే మన దిక్కు సుమారు అర శాతం వస్తది. ఒకటి కాడ సమానం, రెండు కాడ అర శాతం లాభం, మూడు కాడ ఒక శాతం. ఈ సన్నటి దారం మీదనే మొత్తం కథ నడుస్తది.

ఇప్పుడు బ్లాక్‌జాక్‌కు 150 బదులు 120 ఇచ్చే టేబుళ్లు చూడుండ్రి. వెగాస్‌ల చిన్న పందేల టేబుళ్లల్ల ఇవి బాగ పెరిగినయి. టేబుల్ మీద 6:5 అని రాసి ఉంటది. చూసెటోనికి చిన్న తేడా లెక్కనే కొడ్తది. బ్లాక్‌జాక్ సుమారు 21 ఆటలకు ఒకసారి పడ్తది. పడ్డప్పుడల్ల 30 రూపాలు కోత. అంటే ఒక్కో ఆటకు, ఒక్కో 100 మీద దగ్గర దగ్గర రూపాయి నలభై పైసలు కాసినో జేబులకు ఎక్స్‌ట్రాగ పోతున్నట్టు. అర శాతం ఉన్న పైచేయి రెండు శాతం దగ్గరికి పోయింది. ఇంతకుముందు ట్రూ కౌంట్ ఒకటి కాడ సమానం అయ్యే ఆట, ఇప్పుడు నాలుగు కాడ సమానం అయితది. నాలుగు అనేది ఎప్పుడో ఒకసారి వచ్చే లెక్క. ప్రపంచంల ఉన్న ఏ లెక్క పద్ధతి గూడ ఈ 30 రూపాల కోతను పూడ్చలేదు.

కలుపుడు గూడ వాళ్ల చేతిలనే. ఆరు కట్టలల్ల ఒకటిన్నర కట్ట మిగిలేదాంక పంచితే లెక్కకు పని ఉంటది. సగంలనే ఆపి కలిపితే, లెక్క మన దిక్కు ఒరిగే లోపలనే ఆట మొదటికొస్తది. కొన్ని టేబుళ్లల్ల ఆగకుంట కలిపే మిషన్ పెడ్తరు. అయిపోయిన పత్తాలు అటే లోపలికి పోతయి. అక్కడ లెక్కకు విలువనే లేదు. కట్టకున్న యాదిని ఆ మిషన్ చెరిపేస్తది.

ఇవన్నీ దాటి మంచి టేబులే దొరికిందనుకుందాం. ఒక శాతం లాభంతోని 100 రూపాల చొప్పున నూరు ఆటలు ఆడితే, రావాల్సింది 100 రూపాలు. కానీ అదృష్టం ఊపు అటో ఇటో 1,150 రూపాల దాంక మామూలే. పదివేల ఆటలు ఆడినా, రావాల్సింది పదివేలయితే ఊపు పదకొండున్నర వేలు. అంటే రోజుకు ఎనిమిది గంటల లెక్కన రెండు మూడు వారాలు టేబుల్ మీదనే కూసుండి, ఒక్క తప్పు గూడ చెయ్యకుంట ఆడినా, ఆఖరుకు నష్టంల తేలే అవకాశం బాగనే ఉంటది. అప్పు తెచ్చినోడు, జీతం పైసలు పెట్టినోడు ఆ ఊపుకు నిలబడగలడా? లెక్క సరిగ్గ వచ్చినోడు గూడ పైసలు తక్కువై ఆగమయ్యేది ఇక్కడనే.

అన్నిటికంటే పెద్ద సంగతి, గెలిచెటోన్ని కాసినో ఉండనియ్యదు. మెదడుతోని లెక్కపెట్టుడు అమెరికాల నేరం కాదు. మిషన్‌తోని, ఫోన్‌తోని లెక్కపెడితే నెవాడాల నేరం. కానీ నేరం కానంత మాత్రాన ఆడనిస్తరని కాదు. నెవాడాల కాసినో అంటే ప్రైవేటు జాగ. నీ ఆట మాకొద్దు, పో అంటే పోవాల్సిందే. న్యూజెర్సీల కెన్ ఉస్టన్ అనే ఆటగాడు దీని మీద కోర్టుకు పోయిండు. 1982ల ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు, లెక్కపెడ్తున్నడని అట్లాంటిక్ సిటీ కాసినోలు తమంతట తామే ఆటగాన్ని ఎల్లగొట్టుడు చెల్లదన్నది. గెలిచిండు కదా అనుకుంటం. కాసినోలు కట్టలు పెంచినయి, కలుపుడు పెంచినయి, పందేలకు హద్దులు పెట్టినయి. మనిషిని ఎల్లగొట్టే హక్కు పోయింది కానీ, ఆయన లెక్కను ఎల్లగొట్టే దారులు వాళ్లకు దొరికినయి.

మన దేశం సంగతి ఇంకా కష్టం. గోవాల మాండోవి నది మీది ఓడలల్ల బ్లాక్‌జాక్ చట్టబద్ధంగనే నడుస్తది. హైదరాబాద్‌కెల్లి గుంపులు గుంపులుగ పోతుంటరు. 2023 అక్టోబర్ 1 సంది కాసినోల చిప్స్ కొనే పైసల మీద 28 శాతం జీఎస్టీ పడ్డది. 2025 సెప్టెంబర్ 22 సంది అది 40 శాతం అయింది. అర శాతం, ఒక శాతం లాభం కోసం మెదడు కరగబెట్టే ఆటల 40 శాతం అంటే ఏనుగు ముందట ఎలుక లెక్కనే. ఆ భారం ఆటగాడు మోసినా, కాసినో మోసి రూల్స్‌ల గుంజుకున్నా, ఆఖరుకు పడేది ఆడెటోని మీదనే.

దాని మీద ఆదాయపు పన్ను వేరే. పత్తాలాటల గెలిచిన పైసల మీద 30 శాతం పన్ను కట్టాలె. ఓడిన పైసలను దాంట్లకెల్లి తీసేసుకునేది లేదు. ఒకడు ఏడాదిల గెలిచిన రోజులల్ల 5,10,000 తెచ్చి, ఓడిన రోజులల్ల 5,00,000 పోగొట్టుకున్నడు అనుకోండ్రి. చేతిల మిగిలింది పదివేలు. పన్ను మాత్రం 5,10,000 మీద, అంటే 1,53,000. లెక్కపెట్టి ఆడుడంటేనే సగానికి సగం ఓడుకుంట, సన్నగ లాభం పోగేసుడు. ఆ పనికి ఈ పన్ను పద్ధతిల బతుకే లేదు. గోవాకు పోయి ఓ పూట కాలక్షేపం చేసొస్త, ఐదువేలు పోతే పోనీ అనుకునెటోడు వేరు. లెక్క నేర్చుకున్న, సంపాదించుకొస్త అని పొయ్యెటోడు మాత్రం తన లెక్క మొత్తం పెట్టుకోలేదన్నట్టే.

ఫోన్‌ల ఆడే బ్లాక్‌జాక్ గురించి ఒక్క మాట చాలు. చాలా యాప్‌లల్ల కంప్యూటర్ ప్రతి ఆటకు పత్తాలు కొత్తగ కలుపుతది. అక్కడ హై-లో నేర్చుకొని పొయ్యేది, నీళ్లు లేని బాయిల చేద ఏసినట్టు. అయినా గదే ఫోన్‌ల, గదే ఆటకు లెక్క నేర్పిస్తమని అమ్ముతున్నరు. నేర్పెటోని సంపాదన ఫీజు మీద, యాప్‌కు మనిషిని పట్టుకొచ్చిన కమీషన్ మీద నడిస్తే, నేర్చుకునెటోడు ఓడినా గెలిచినా ఆయనకు ఒకటే.

ఇగ నైపుణ్యం ముచ్చటకు వద్దాం. ఈ వాదనకు మూలం మనకాడనే ఉన్నది. సికింద్రాబాద్ ల ఒక క్లబ్బు మీద పడ్డ కేసు సుప్రీంకోర్టు దాంక పోయింది. 1968ల కోర్టు, రమ్మీ నైపుణ్యం ఎక్కువున్న ఆట అని చెప్పింది. అందుకు చూపిన కారణాలల్ల ముఖ్యమైంది, పడిపోయిన పత్తాలను యాదిల పెట్టుకోవాల్సి ఉంటదని. మూడు పత్తాలాట అట్ల కాదని, అది ఉత్త అదృష్టమని గూడ అన్నది. ఆ తీర్పును పట్టుకొనే తర్వాత ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు పెద్దగైనయి. తెలంగాణ 2017ల, ఆంధ్రప్రదేశ్ 2020ల తమ గేమింగ్ చట్టాలు మార్చి ఆన్‌లైన్ పైసలాటలను బందు పెట్టినయి. 2025 కేంద్ర చట్టమైతే నైపుణ్యమా, అదృష్టమా అనే తేడానే పక్కకు పెట్టింది. పైసలు పెట్టి పైసలకు ఆడించే ఆన్‌లైన్ ఆట ఏదైనా వద్దన్నది. ఆడించెటోళ్లకు మూడేండ్ల దాంక జైలు, కోటి దాంక జరిమానా. ప్రచారం చేసెటోళ్లకు రెండేండ్ల దాంక జైలు, 50 లక్షల దాంక జరిమానా. ఆడినోనికి మాత్రం ఆ చట్టంల శిక్ష లేదు.

దీని మీద కంపెనీలు కోర్టుకెక్కినయి. అడిగే హక్కు వాళ్లకున్నది. నా మాట ఒక్కటే. ఆటల నైపుణ్యం ఉన్నదా లేదా అని తూకమేసుడు ఒక్కటే సరిపోదు. ఆ నైపుణ్యం ఉన్నోన్ని గెలవనిస్తరా లేదా అనేది గూడ చూడాలె. బ్లాక్‌జాక్‌ల నైపుణ్యం ఉన్నదని 1962లనే లెక్కతోని రుజువైంది. కానీ ఆ నైపుణ్యం పనిచేసిన ప్రతిచోట రూల్ మారింది, కలుపుడు మారింది, మనిషి బయటపడ్డడు. రమ్మీ సంగతి వేరే అంటరు, అక్కడ కంపెనీ మనతోని ఆడదంటరు. నిజమే. కానీ ప్రతి ఆట మీద కంపెనీ తన కమీషన్ తీసుకుంటది. తెలివైనోడు గెలిచే పైసలు కంపెనీ ఇచ్చేటియి కావు, తెలివి తక్కువైనోడు, అలిసిపోయినోడు, పోయినయి మల్ల తెచ్చుకోవాల్నని అర్ధరాత్రి కూసున్నోడు పోగొట్టుకున్నయే. నైపుణ్యం అనే మాట వెనుక ఆ ఓడినోని మొఖం కనపడదు.

బందు పెట్టంగనే అయిపోతదని గూడ నేననను. దేశం బయటికెల్లి నడిచే యాప్‌లు ఉంటనే ఉంటయి, లెక్క అమ్మెటోళ్లు ఉంటనే ఉంటరు. చట్టం వాళ్లను పట్టేదాంక మన పోరగాండ్లకు లెక్క పూర్తిగ చెప్పుడు మన పని. హై-లో చెప్తే సగం చెప్పినట్టు. 6:5 టేబుల్ ఏందో, మిషన్ కలుపుడు ఏందో, 40 శాతం ఏందో, 30 శాతం ఏందో గూడ చెప్పాలె. అప్పుడు నిర్ణయం వాళ్లే తీసుకుంటరు.

లెక్క మీద నిజంగ ఇష్టముంటే ఇంట్ల ఒక పేక కట్ట ఉంటే చాలు. మంచిగ కలిపి, ఒక్కొక్క పత్తా తిప్పుకుంట హై-లో లెక్కపెట్టుండ్రి. 52 పత్తాలు అయ్యేసరికి సున్న రావాలె, రాకుంటే ఎక్కడో తప్పింది. అర నిమిషంల తప్పు లేకుంట చేస్తే చెయ్యి తిరిగినట్టే. పిల్లలకు కూడిక, తీసివేత గిట్ల మంచిగ వస్తది, మెదడుకు కసరత్తు అయితది. దానికి ఫీజు లేదు, పన్ను లేదు, అప్పు లేదు.